ఎన్.జి.ఓ. కష్టం నుంచి ప్రేమకథల దాకా: మన జిల్లా మనసుకవి ఆచార్య ఆత్రేయ

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ భార్యాభర్తలిద్దరూ కలిసి తీరిగ్గా ఒక సినిమా చూసింది మనలో ఎందరు? ఆఫీసు, బదిలీలు, పిల్లల చదువులు, పెళ్లిళ్లు, అప్పులు, వాయిదాలు. వీటి మధ్య నెల్లూరు బస్సెక్కి వెళ్లి చూసిన సినిమాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పక్కన పిల్లలు, చేతిలో సంచీ, ఆఖరి బస్సు దొరుకుతుందో లేదోనన్న బెంగ. తెర మీద నాగేశ్వరరావు, సావిత్రి ఏం మాట్లాడుకున్నారో సగం వినీ సగం వినకుండానే ఇల్లు చేరేవాళ్లం. రిటైరయ్యాక పిల్లలు తలో ఊరూ వెళ్లిపోగా ఇంట్లో మిగిలింది ఇద్దరమే. టీవీ ఉంది, ఫోను ఉంది, పాత సినిమాలన్నీ ఇంట్లోనే చూసే వీలుంది. సాయంత్రం తలుపు చేరవేసుకుని, ఇద్దరూ చెరో కుర్చీలో కూర్చుని చూడదగ్గ ప్రేమకథా చిత్రాలు ఏవని సభ్యులు అడుగుతూ ఉంటారు. జాబితా రాయబోతే ఒక పేరు మాటిమాటికీ ఎదురువస్తుంది. అందుకే ఈ ప్రత్యేక సంచికలో జాబితాకు బదులు ఆ మనిషి జీవితాన్నే మీ ముందుంచుతున్నాం. ఆయన మన జిల్లాలో పుట్టినవాడు, మనలాగే గుమాస్తా బల్ల దగ్గర కూర్చున్నవాడు. ఆయనే ఆచార్య ఆత్రేయ.

పుట్టుక, కొలువు

ఆత్రేయగారి అసలు పేరు కిళాంబి వెంకట నరసింహాచార్యులు. 1921 మే 7న అప్పటి నెల్లూరు జిల్లా సూళ్లూరుపేట దగ్గరి మంగళంపాడులో జన్మించారు. తండ్రి కృష్ణమాచార్యులు, తల్లి సీతమ్మ. గోత్రనామాన్నే కలం పేరుగా పెట్టుకున్నారు. మద్రాసు వెళ్లే రైలు మన వెంకటాచలం స్టేషను దాటి, గూడూరు, నాయుడుపేట దాటి సూళ్లూరుపేట మీదుగానే పోతుంది. పల్లెటూరి కుర్రవాడు పొట్ట చేత పట్టుకుని ఈ దారినే నెల్లూరుకీ, తరువాత మద్రాసుకీ చేరాడు.

చదువుకునే వయసులోనే నాటకాల పిచ్చి పట్టుకుంది. క్విట్ ఇండియా ఉద్యమం వచ్చినప్పుడు చదువు పక్కనబెట్టి అందులో దూకి జైలుకు వెళ్లారు. బయటకు వచ్చాక కడుపు నింపుకోవడానికి దొరికిన పనల్లా చేశారు. నెల్లూరు మునసబు కోర్టులో గుమాస్తాగిరీ, తిరుత్తణి సెటిల్‌మెంటు ఆఫీసులో కొలువూ, కొంతకాలం నెల్లూరి 'జమీన్ రైతు' పత్రికలో సహాయ సంపాదకత్వం అందులోవే. ఏ ఒక్కచోటా స్థిరపడలేదు. సర్వీసు రిజిస్టరు, ఇంక్రిమెంటు, పింఛను అనే వరస ఆయన జాతకంలో లేదు. కానీ ఆ కొద్దికాలంలోనే గుమాస్తా ఇంట్లో నెలాఖరు ఎలా ఉంటుందో ఆయనకు బాగా అర్థమైంది.

'ఎన్.జి.ఓ.'

మన సంఘ సభ్యులు గర్వంగా చెప్పుకోవలసిన విషయం ఇక్కడుంది. నాన్ గెజిటెడ్ ఉద్యోగి బతుకును తెలుగు రంగస్థలం మీదికి ఎక్కించింది ఆత్రేయగారే. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఆయన రాసిన 'ఎన్.జి.ఓ.' నాటకం ఆంధ్రదేశమంతా ఆడింది. చాలీచాలని జీతం, ఇంటి నిండా మనుషులు, పైకి తెల్లచొక్కా, లోపల అప్పు. అంతకుముందు నాటకాల్లో రాజులూ దేవుళ్లూ పద్యాలు పాడేవారు. ఆత్రేయగారి నాటకంలో గుమాస్తా మామూలు మాటల్లో తన గోడు వెళ్లబోసుకున్నాడు. చూడవచ్చిన ఉద్యోగులు తమ ఇంటినే తెర తీసి చూపించినట్టు చలించిపోయారు. ఊరూరా ఉద్యోగుల సంఘాలవాళ్లే వేషాలు కట్టి ఈ నాటకం ఆడేవారు. 1953లో ఇదే కథ 'గుమాస్తా' పేరుతో నాగయ్యగారు ముఖ్యపాత్రగా సినిమాగా కూడా వచ్చింది.

'పరివర్తన', 'ఈనాడు', 'విశ్వశాంతి', 'సమ్రాట్ అశోక', 'భయం', 'కప్పలు' వంటి నాటకాలు, నాటికలు ఆయన పేరును నిలబెట్టాయి. ఆయన ప్రేమకథలు చూసేటప్పుడు ఈ నాటకాలను మరచిపోకూడదు. ప్రేమ గాలిలో పుట్టి గాలిలో పెరిగేది కాదని, దానికీ ఇంటి అద్దె, కులం, ఆస్తి, నలుగురి నోరు అడ్డుపడతాయని ఆయనకు ముందే తెలుసు. అందుకే ఆయన ప్రేమికులు చందమామను చూసి పాడుకుంటూనే ఇంటి గడప దగ్గర తడబడతారు.

మద్రాసు దారి

1951లో కె.ఎస్. ప్రకాశరావుగారి 'దీక్ష' చిత్రానికి పాట రాయడంతో సినిమా కవిగా ఆత్రేయగారి ప్రస్థానం మొదలైంది. అప్పటికి వయసు ముప్ఫై. నాటకంలో అలవాటైన మాట తీరే ఆయనకు పెట్టుబడి. సమాసాలు లేవు, నిఘంటువు అక్కరలేదు. ఇంట్లో మనం మాట్లాడుకునే మాటలే వరస మార్చి పెడితే పాటయ్యేది, డైలాగయ్యేది.

నెల్లూరివారే అయిన దర్శకులు పి. పుల్లయ్యగారు ఆయనకు మంచి అవకాశాలిచ్చారు. 1955లో వచ్చిన 'అర్ధాంగి' అందులో ముందు చెప్పుకోవలసింది. ఒక బెంగాలీ నవల ఆధారంగా తీసిన కథ ఇది. జమీందారు పెద్దకొడుకు సవతితల్లి నిర్లక్ష్యం వల్ల అమాయకుడిగా, అందరి చేతా వెర్రివాడనిపించుకుంటూ పెరుగుతాడు. అతణ్ణి పెళ్లి చేసుకున్న పిల్ల కన్నీరు పెట్టుకుని కూర్చోదు. ఓపికగా అతనికి మాటా మర్యాదా, లోకం తీరూ నేర్పి, ఇంటిని చక్కదిద్దుతుంది. అక్కినేని, సావిత్రి, జగ్గయ్య, శాంతకుమారి నటించారు. పెళ్లికి ముందు ప్రేమ ఊసే లేని ఈ కథలో పెళ్లయ్యాక ప్రేమ ఎలా పుడుతుందో చూపించారు. మన తరంలో చాలామంది పెళ్లిచూపుల్లో ఒక్కసారి తలెత్తి చూసి కాపురం మొదలుపెట్టినవాళ్లమే కనుక ఈ సినిమా మనకు తొందరగా దగ్గరవుతుంది. శాంతకుమారిగారు పుల్లయ్యగారి సతీమణి అన్న సంగతి మీలో చాలామందికి తెలిసిందే. దర్శకుడి కుర్చీలో భర్త, కెమెరా ముందు భార్య ఉండి తీసిన దాంపత్య కథ ఇది.

1959లో అదే పుల్లయ్యగారి 'జయభేరి'కి కూడా ఆత్రేయగారు మాటలు రాశారు. 1957లో వచ్చిన 'తోడికోడళ్లు'లో ఉమ్మడి కుటుంబం చీలిపోయే తీరును చూపించారు. ఇదీ ఇంటిల్లిపాదీ చూడదగ్గదే.

ఒక్కసారి దర్శకుడిగా

మాటలు, పాటలు రాసి పేరు తెచ్చుకున్నాక సొంతంగా సినిమా తీయాలన్న కోరిక కలిగింది. శరత్ 'దత్త' నవల ఆధారంగా 1961లో 'వాగ్దానం' తీశారు. అక్కినేని, కృష్ణకుమారి జంట. సంగీతం పెండ్యాలగారిది. పాటల కోసం శ్రీశ్రీ, దాశరథి వంటివారిని కూడా పిలిచారు. తాను కవి అయివుండి ఇతర కవులకు చోటివ్వడం ఆయన పెద్దమనసు. పాటలు ఇప్పటికీ వినిపిస్తూనే ఉన్నాయి. సినిమా మాత్రం ఆశించినట్టు ఆడలేదు. ఆ తరువాత ఆయన దర్శకత్వం జోలికి పోలేదు. నెల జీతం ఉన్నవాడికి ఒక నెల తప్పితే ఇంకో నెల వస్తుంది. సినిమా మీద నమ్మకం పెట్టుకున్నవాడికి ఆ భరోసా ఉండదు. ఆత్రేయగారు మళ్లీ కలం పట్టుకున్నారు. ఆయన ప్రేమకథల్లో మేలైనవి చాలావరకు ఈ దెబ్బ తిన్న తరువాతే వచ్చాయి.

మనసుల సినిమాలు

ఆదుర్తి సుబ్బారావుగారి దర్శకత్వంలో, బాబూ మూవీస్ పతాకం మీద వచ్చిన చిత్రాలు ఆత్రేయగారికి మనసుకవి అన్న పేరు తెచ్చిపెట్టాయి. 'మంచి మనసులు' 1962లో, 'మూగ మనసులు' 1964లో, 'తేనె మనసులు' 1965లో వచ్చాయి. పేర్లలోనే మనసు ఉంది. పదం విడదీస్తే మన సుకవి అవుతుందని అభిమానులు మురిసిపోయేవారు.

'మంచి మనసులు'లో కథానాయకుడు ప్రేమించింది ఒకరిని, పరిస్థితులు కట్టబెట్టింది చూపులేని మరొక అమ్మాయిని. ఆ భార్యను హంపికి తీసుకువెళ్లి, అక్కడి శిల్పాలను మాటలతో ఆమె కళ్ల ముందు నిలబెట్టే ఘట్టం చూసితీరాలి. మనలో కొందరి ఇళ్లల్లో ఇప్పుడు ఒకరికి చూపు మందగించింది, ఒకరికి చెవి వినబడదు. టీవీలో ఏం జరుగుతోందో రెండోవారు చెబుతూ ఉంటారు. ఈ ఘట్టం వాళ్ల కోసమే తీశారా అనిపిస్తుంది.

'మూగ మనసులు' గురించి కొంచెం ఎక్కువే చెప్పుకోవాలి. కథ ముళ్లపూడి వెంకటరమణగారిది, మాటలు ఆత్రేయగారివి, పాటల్లో ఎక్కువ భాగం ఆయనవే. సంగీతం కె.వి. మహదేవన్. గోదావరి ఒడ్డున తీశారు. కొత్తగా పెళ్లయిన జంట పడవ మీద వెళుతుండగా వాళ్లకు గతజన్మ గుర్తుకువస్తుంది. ఆ జన్మలో అతను గోపి, పడవ నడిపేవాడు. ఆమె రాధ, జమీందారు బిడ్డ. రోజూ ఆమెను కాలేజీకి పడవలో దాటిస్తాడు. ఆమె అంటే అతనికి దేవతంత భక్తి. అది ప్రేమ అని అతనికీ తెలియదు, తెలిసినా పైకి అనలేడు. గోపి మీద ప్రాణం పెట్టుకున్న గౌరి పక్కనే ఉంటుంది. రాధకు వేరొకరితో పెళ్లవుతుంది, కొద్దికాలానికే విధవగా తిరిగివస్తుంది. గోపి ఆమెను ఆదుకోబోతే ఊరు నానా మాటలంటుంది. చివరికి ఇద్దరినీ గోదావరే కలుపుతుంది.

అక్కినేని, సావిత్రి, జమున ముగ్గురూ ఒకరిని మించి ఒకరు నటించారు. ఆత్రేయగారి గొప్పతనం గోపి చేత ఎక్కడా పెద్ద మాటలు మాట్లాడించకపోవడంలో ఉంది. పడవవాడు పడవవాడి యాసలోనే మాట్లాడతాడు. తన పాటను రాధకు నేర్పేటప్పుడు, చదువుకున్న ఆ పిల్ల శుద్ధమైన ఉచ్చారణతో పాడబోతే, అలాకాదు మోటుగానే పాడాలని దిద్దుతాడు. నవ్వు తెప్పించే ఆ చిన్న సన్నివేశంలోనే ఇద్దరి మధ్య దూరమూ, దగ్గరతనమూ రెండూ కనిపిస్తాయి. ప్రేమ అన్న మాట వాడకుండానే మూడు గంటల ప్రేమకథ నడిచింది. ఈ చిత్రాన్నే ఆదుర్తిగారు 1967లో హిందీలో 'మిలన్' పేరుతో, సునీల్ దత్, నూతన్‌లతో తీశారు. అక్కడా విజయమే.

అదే 1964లో వచ్చిన 'డాక్టర్ చక్రవర్తి', మరుసటి ఏడాది వచ్చిన 'అంతస్తులు' కూడా ఆయన మాటలతో నడిచినవే.

'ప్రేమనగర్'

1971లో వచ్చిన 'ప్రేమనగర్' చూడనివాళ్లు మన సభ్యుల్లో ఉండరేమో. కోడూరి కౌసల్యాదేవిగారి నవలకు కె.ఎస్. ప్రకాశరావుగారు దర్శకులు. ఆత్రేయగారికి మొదటి పాట ఇచ్చిన ప్రకాశరావుగారే ఇరవై ఏళ్ల తరువాత ఈ సినిమానూ ఇచ్చారు. నిర్మాత రామానాయుడుగారు అప్పటికి నష్టాల్లో ఉన్నారు. ఇది పోతే సొంతూరికి వెళ్లి వ్యవసాయం చేసుకోవాలని నిశ్చయించుకుని ఉన్నదంతా దీనిమీద పెట్టారు. సినిమా గొప్పగా ఆడింది, ఆ సంస్థ నిలబడింది. తమిళంలో శివాజీ గణేశన్‌తో 'వసంత మాళిగై'గా, హిందీలో రాజేశ్ ఖన్నా, హేమమాలినిలతో మళ్లీ 'ప్రేమనగర్'గానే వచ్చింది.

తాగుడుకు బానిసైన జమీందారు బిడ్డ కల్యాణ్. ఆయన దగ్గర ఉద్యోగానికి చేరిన లత. అతని చేత తాగుడు మానిపించడం వరకే తన బాధ్యత అనుకుంటుంది, తెలియకుండానే మనసు ఇచ్చేస్తుంది. ఆమె కోసం అతను ఒక భవనమే కట్టిస్తాడు. అపనిందతో అంతా తలకిందులవుతుంది. ఇక్కడ ఒక విషయం గమనించాలి. లత జీతం తీసుకుని పనిచేసే ఆడపిల్ల, ఇంటిని పోషించే పిల్ల. ప్రేమ ముఖ్యమా, పరువు ముఖ్యమా అంటే ఆమె ఆత్మాభిమానం వైపే నిలబడుతుంది. 'ఎన్.జి.ఓ.' రాసిన చెయ్యి ఇక్కడ కనిపిస్తుంది. భవనం వైభవమంతా కల్యాణ్‌ది, నిటారుగా నిలబడిన వెన్నెముక లతది. ఘంటసాలగారు పాడిన విషాద గీతంలో మనసు అనే ఒక్క మాట చుట్టూ ఆత్రేయగారు తిప్పిన వైనం తెలుగువాళ్లు ఏభై ఏళ్లు దాటినా మరువలేదు.

తరువాత 'జీవన తరంగాలు' 1973లో, 'సెక్రటరీ' 1976లో వచ్చాయి. రెండూ యద్దనపూడి సులోచనారాణిగారి నవలలే. ఆ రోజుల్లో వారపత్రిక కోసం పక్కింటివాళ్లతో వంతులేసుకున్న మహిళా పాఠకులకు వీటి గురించి చెప్పనక్కరలేదు.

'మరో చరిత్ర'

ఏభై ఏడేళ్ల వయసులో ఆత్రేయగారు కాలేజీ వయసు పిల్లల ప్రేమకు పాటలు రాశారు. 1978లో కె. బాలచందర్ దర్శకత్వంలో వచ్చిన 'మరో చరిత్ర'. విశాఖ సముద్రతీరం, నలుపు తెలుపు బొమ్మ, కమల్ హాసన్, కొత్త అమ్మాయి సరిత. అబ్బాయి తమిళుడు, అమ్మాయి తెలుగుపిల్ల, ఇళ్లు పక్కపక్కనే. ఒకరి భాష ఒకరికి రాదు. తెలుగు సినిమాల పేర్లనే గుచ్చి ఆత్రేయగారు ఒక పాట రాశారు. భాష రాని ప్రేమికుడికి పాటలో సినిమా పేర్లే మాటలయ్యాయి. తెలుగు సినిమాగానే మద్రాసులోనూ చాలాకాలం ఆడింది. 1981లో హిందీలో 'ఏక్ దూజే కే లియే'గా వచ్చింది.

ఈ సినిమాను మనం పాతికేళ్ల వయసులో చూస్తే పిల్లల పక్షం వహిస్తాం. ఇప్పుడు చూస్తే పెద్దవాళ్ల మాటలూ వినిపిస్తాయి. ఏడాది పాటు దూరంగా ఉండండి, అప్పటికీ ప్రేమ నిలిస్తే చూద్దామని షరతు పెట్టిన తల్లిదండ్రుల్లో దుర్మార్గులు లేరు. తమ మాట నెగ్గాలన్న పట్టుదల మాత్రం ఉంది. దాని ఖరీదు రెండు ప్రాణాలు. మన ఇళ్లల్లో వేరే కులం, వేరే రాష్ట్రం, వేరే దేశం సంబంధాలు గడప తొక్కుతున్న కాలం ఇది. ఇద్దరూ కలిసి ఈ సినిమా చూశాక ఫోను తీసి పిల్లలతో నాలుగు మాటలు మాట్లాడాలనిపిస్తే ఆశ్చర్యం లేదు.

మనిషి తీరు

ఆత్రేయగారిని దేవుణ్ణి చేసి చెప్పడం ఆయనకే ఇష్టముండదు. రాయడంలో మహా ఆలస్యం. నిర్మాతలు హోటల్ గది తీసి కూర్చోబెట్టినా పాట పూర్తికావడానికి రోజులు పట్టేది. ఆయన రాయక నిర్మాతలను, రాశాక ప్రేక్షకులను కన్నీరు పెట్టిస్తారని చిత్రసీమలో ఒక హాస్యోక్తి ఉండేది. డబ్బుకోసం కొన్ని ద్వంద్వార్థాల పాటలూ రాశారు. విమర్శకులు ఆయన పేరునే మార్చి వెక్కిరించారు. ఆ పాటలను ఇక్కడ సమర్థించబోము. కానీ వెయ్యికి పైగా పాటలు రాసిన కవిని తూకం వేసేటప్పుడు ఏ పళ్లెం బరువు దిగుతుందో శ్రోతలు ఎప్పుడో తేల్చేశారు.

ఆలస్యానికి కారణం బద్ధకం ఒక్కటే కాదు. చదువురానివాడికి కూడా ఒక్కసారి వినగానే అర్థమయ్యే మాట దొరికేదాకా ఆయన కాగితం మీద పెట్టేవారు కారు. కష్టమైన మాట రాయడం తేలిక, తేలిక మాట రాయడమే కష్టం. ఆఫీసు నోటు రాసినవాళ్లకు ఆ సంగతి తెలుసు.

చివరి రోజులు

అరవై దాటాక కూడా ఆయన పాట ముసలిదవలేదు. 1988లో 'అభినందన', 1989లో 'ప్రేమ' చిత్రాలకు ఇళయరాజా సంగీతంలో రాసిన పాటలు అప్పటి యువకులను ఏడిపించాయి. వాటిని పాడిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు కూడా మన నెల్లూరు గాలి పీల్చి పెరిగినవారే. ఈ వయసులో విరహం గురించి ఇలా ఎలా రాశారని ఆశ్చర్యపోతాం. 'అభినందన'లో కథానాయకుడు ప్రేమించిన పిల్ల ఇంటి బాధ్యత కోసం, తల్లిలేని అక్కపిల్లల కోసం వేరొకరి ఇల్లాలవుతుంది. బాధ్యతకూ ప్రేమకూ మధ్య నలిగే మనిషే మళ్లీ. నాటకం రాసిన రోజునుంచి చివరిదాకా ఆయన వదలని విషయం అదే.

1989 సెప్టెంబరు 13న ఆత్రేయగారు కన్నుమూశారు. వయసు అరవై ఎనిమిది. మిత్రులు, నటులు కొంగర జగ్గయ్యగారు శ్రమపడి ఆయన రచనలను సేకరించి 'ఆత్రేయ సాహితి' పేరుతో సంపుటాలుగా వెలువరించారు. 'అర్ధాంగి'లో ఆయన మాటలు పలికిన నటుడే ఆయన మాటలను అచ్చులో దాచిపెట్టారు. స్నేహానికి ఇంతకన్నా నివాళి ఏముంటుంది!

సభ్యులకు చిన్న సూచన

ఇంట్లో ఇద్దరూ కూర్చుని చూడాలనుకుంటే వారానికి ఒకటి చొప్పున ఇలా మొదలుపెట్టండి. మొదట 'అర్ధాంగి', తరువాత 'మంచి మనసులు', 'మూగ మనసులు', 'ప్రేమనగర్'. మనసు దిటవుగా ఉన్న రోజున 'మరో చరిత్ర'. చివరి రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దు, రాత్రి నిద్ర పట్టదు. ఒకే బిగిన చూడనక్కరలేదు, మాత్రలు వేసుకునే వేళకు ఆపి, మరునాడు మిగతాది చూడవచ్చు. పాట వచ్చినప్పుడు మాత్రం ముందుకు జరపకండి. ఆత్రేయగారి సినిమాలో కథ సగం పాటలోనే ఉంటుంది. మనవలు ఇంట్లో ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి. పడవవాడి యాస, నవలల కాలం, సినిమా పేర్లతో కట్టిన పాట గురించి చెప్పండి.

నలభై ఏళ్లు ఒకే కప్పు కింద ఉండి, జీతం కవరు అందించుకుని, పిల్లల్ని పెంచి, ఒకరికొకరు ప్రేమ అన్న మాట ఒక్కసారైనా చెప్పుకోని దంపతులు మన సంఘంలో చాలామందే ఉన్నారు. ఆ మాట నోటితో చెప్పనక్కరలేదని గోపి పాత్రతో నిరూపించినవాడు మన మంగళంపాడు మనిషి. రెండో కుర్చీ ఖాళీ అయిన సభ్యులూ మనలో ఉన్నారు. వారికి ఈ సినిమాలు జ్ఞాపకాల తోడు అవుతాయని మా నమ్మకం. అందరికీ ఆయురారోగ్యాలు కలగాలని కోరుకుంటూ, మన జిల్లా మనసుకవికి ఈ నాలుగు మాటలతో నమస్కరిస్తున్నాం.